పిల్ల చెయ్యి వణకడం లేదండీ, పిడి పెద్దదైంది

సంపాదకులకు నమస్కారం.

కిందటి ఆదివారం మీ పేపర్లో షూటింగ్ అకాడమీలకు పిల్లలు క్యూ కడుతున్నారని అరపేజీ వార్త వేశారు. బాగుంది. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో మను భాకర్ రెండు కాంస్యాలు తెచ్చిన దగ్గర్నుంచి, అంతకు ముందే మన హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో నాలుగు పతకాలు పట్టుకొచ్చిన దగ్గర్నుంచి, ఆడపిల్లల తల్లిదండ్రులు ధైర్యంగా పిస్టల్ వైపు చూస్తున్నారు. మీ వార్తలో పిస్టల్ ధర రాశారు, కోచింగ్ ఫీజు రాశారు, పిల్లలు పొద్దున ఏం తినాలో కూడా రాశారు. ఆ పిస్టల్ పట్టుకునే చెయ్యి గురించి మాత్రం ఒక్క ముక్క లేదు. అందుకే ఈ ఉత్తరం. కొంచెం పొడుగైంది, కత్తిరించుకుంటే కత్తిరించుకోండి, కానీ పిండి ముద్ద సంగతి మాత్రం ఉంచండి.

నేను తెనాలిలో వడ్రంగిని. తలుపులు, కిటికీలు, మంచాలు చేస్తాను. పిస్టల్ గురించి వీడికేం తెలుసు అనుకుంటారేమో, నిజమే, రెండేళ్ల క్రితం వరకు ఏమీ తెలీదు. పిడి గురించి మాత్రం తెలుసు. మా నాన్న కోతల ముందు కొడవళ్లకు పిడులు, పారలకు కామలు వేసేవాడు. ఎవరొచ్చినా ముందు "ఏదీ, చెయ్యి చూపించమ్మా" అనేవాడు. చెయ్యి చూసి, వేళ్లు ఒకసారి మడిచి చూడమని, అప్పుడు కర్ర ఏరేవాడు. అత్తగారి కొడవలి కోడలికి ఇస్తే సాయంత్రానికి అరచెయ్యి బొబ్బలెక్కుతుందని ఆయన లెక్క. రోజు కూలికి వెళ్లే మనిషి కొడవలికే ఇంత చూసేవాళ్లం, లక్షన్నర పైన పెట్టి కొన్న పిస్టల్ దగ్గర మాత్రం ఎవరూ చెయ్యి చూపించమని అడగరు.

మా అమ్మాయికి అప్పుడు 13 ఏళ్లు. దగ్గర్లోని పట్నంలో ఒక అకాడమీలో వేశాం, పేరు అక్కర్లేదు, వాళ్లు చెడ్డవాళ్లేం కాదు. అక్కడ అందరికీ కలిపి నాలుగు ఎయిర్ పిస్టల్స్ ఉన్నాయి, నాలుగింటికీ మీడియం సైజు కుడిచేతి పిడులే. మొదటి రెండు నెలలు బాగానే ఉంది. తర్వాత స్కోరు కదలడం మానేసింది. కోచ్ సార్ "మణికట్టులో బలం లేదండీ, రబ్బరు బంతి నొక్కించండి" అన్నారు. నొక్కించాం. నీళ్ల సీసా చాపిన చేత్తో పట్టుకుని గోడకెదురుగా నిలబడమన్నారు. నిలబడింది. ఆరు నెలలు గడిచాయి, పిల్ల చెయ్యి వణుకుతూనే ఉంది, పెల్లెట్లు ఎడమ పక్కకు పోతూనే ఉన్నాయి. చివరికి "టెన్షన్ మనిషి, ఈ ఆట పడదేమో" అనేశారు. ఇంటికొచ్చి అన్నం తినలేదు ఆ రోజు.

ఒక శనివారం రేంజ్‌లో వెనక బెంచీ మీద కూర్చుని ఊరికే చూస్తుంటే నా కంట్లో పడింది. పిల్ల బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య సందు పిడి వెనక వంపులో కూర్చోవాలి కదా, అక్కడ కూర్చోవడం లేదు. ట్రిగ్గర్ అందడం లేదు కాబట్టి చేతిని కుడి పక్కకు తిప్పి పట్టుకుంటోంది. అంటే పిడి వీపు వచ్చి బొటనవేలి మొదటి కీలు మీద ఆనుతోంది. వేలి కొసతో ట్రిగ్గర్ని వెనక్కి లాగాల్సింది పక్కకు తోస్తోంది. నేను ఉలి పట్టడం నేర్పేటప్పుడు కుర్రాళ్లను తిట్టేది సరిగ్గా దీనికే.

ఈ ఆట తెలియని పాఠకులకు ఒక లెక్క చెప్తాను. 10 మీటర్ల ఎయిర్ పిస్టల్లో పదికి పది రావాలంటే పెల్లెట్ తగలాల్సిన వలయం అడ్డకొలత 11.5 మిల్లీమీటర్లు, చొక్కా గుండీ అంత. గురి చూసుకోవడానికి పిస్టల్ కొసన ఒక పుల్ల, వెనక ఒక గాడి ఉంటాయి, వాటినే సైట్‌లంటారు. ముందు సైట్‌కీ వెనక సైట్‌కీ మధ్య దూరం మోడల్‌ని బట్టి 33 సెంటీమీటర్ల లాగా ఉంటుంది. ఆ రెండిటి వరస ఒక్క మిల్లీమీటరు తప్పితే 10 మీటర్ల అవతల అది 30 మిల్లీమీటర్లవుతుంది. ఇలా ఒంటి చేత్తో, 75 నిమిషాల్లో 60 సార్లు కాల్చాలి. రెండో చెయ్యి తగలకూడదు. సుమారు కిలో బరువున్న వస్తువును చాపిన చేత్తో అన్నిసార్లు ఎత్తి దించే పిల్లకు పిడి అర సెంటీమీటరు పెద్దదైతే ఏమవుతుందో మీరే చూసుకోండి. బలం లేక వణకడం వేరు, పట్టు కుదరక కండరాలు బిగబట్టి వణకడం వేరు. రెండోదానికి రబ్బరు బంతి మందు కాదు.

ఇంటికి తీసుకొచ్చి మా ఆవిడ చపాతీలకు కలిపిన పిండిలోంచి ఒక పెద్ద ముద్ద తీసుకున్నాను. "ఏమండీ, అది రాత్రికి!" అని గోల. పిల్లని కళ్లు మూసుకుని, పిస్టల్ పట్టుకున్నట్టు, గట్టిగా కాదు, తలుపు గొళ్లెం పట్టుకున్నంత బిగువుతో పిండిని పట్టుకోమన్నాను. విప్పాక చూస్తే చెయ్యి మొత్తం అందులో అచ్చు పడింది. నాలుగు వేళ్లు ఎక్కడెక్కడ ఉన్నాయి, అరచేతి గుంట ఎంత లోతు, బొటనవేలు ఏ కోణంలో పోతోంది, అంతా కనపడుతుంది. పక్కన అకాడమీ పిడి పెట్టి చూస్తే నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. పిడి మీద వేళ్ల కోసం చెక్కిన గాడులకీ మా పిల్ల వేళ్లకీ సంబంధమే లేదు. ఉంగరపు వేలు పోయి రెండు గాడుల మధ్య గట్టు మీద కూర్చుంటోంది.

అప్పుడు కొలతలు తీశాను. పిల్లల్ని చేర్చే తల్లిదండ్రులు ఈ మూడూ స్కేలు పెట్టి ఇంట్లోనే తీసుకోవచ్చు. మణికట్టు గీత నుంచి మధ్యవేలి కొస వరకు పొడవు, మా పిల్లది 15.8 సెంటీమీటర్లు, నాది 19. నాలుగు వేళ్ల కణుపుల దగ్గర అరచెయ్యి వెడల్పు. మూడోది అన్నిటికంటే ముఖ్యం, దాన్నే ఎవరూ తియ్యరు, బొటనవేలి సందు లోతట్టు నుంచి చూపుడువేలి కొస కణుపు మెత్త మధ్య వరకు. ట్రిగ్గర్ ఆ మెత్త మీద ఆనాలి, పిడి వెనక భాగం ఆ సందులో ఆనాలి, మధ్యలో ఉన్న దూరమే మీకు పట్టే పిడి. పిడులమ్మే కంపెనీలు చిన్న, మధ్య, పెద్ద అని సైజులు చేస్తాయి కానీ ఒకళ్ల చిన్నది ఇంకొకళ్ల మధ్య సైజుకి దగ్గరగా ఉంటుంది, చెప్పుల షాపులో ఏడో నంబర్ లాగే. పొడవొక్కటే చూసి ఆర్డర్ పెడితే, సన్న చెయ్యి, పొడుగు వేళ్లు ఉన్న పిల్లకీ పొట్టి వేళ్లు, వెడల్పు అరచెయ్యి ఉన్న పిల్లకీ ఒకటే వస్తుంది.

ఇంకో మాట. పిడి జోలికి వెళ్లే ముందు ట్రిగ్గర్ని చూడండి. మ్యాచ్ పిస్టల్స్‌లో ట్రిగ్గర్ ముందుకీ వెనక్కీ జరుగుతుంది, చిన్న అలెన్ కీతో అయిపోతుంది. మా అకాడమీలో ఆ నాలుగు పిస్టల్స్ ట్రిగ్గర్లు కొన్న రోజు ఎక్కడున్నాయో అక్కడే ఉన్నాయి. వెనక్కి జరిపితేనే మా సమస్య సగం తీరింది, నేను రంపం ముట్టకుండానే.

మిగతా సగం పిడిదే. అకాడమీ పిడి కొయ్యలేం కదా, పైగా తీసిన చెక్క తిరిగి రాదు. అందుకని పిల్లకు సొంతంగా ఒక చిన్న సైజు పాత పిడి సంపాదించి, దాని మీద ముందు కలిపే పని చేశాను, తర్వాత తీసే పని. ప్లంబర్లు పైపులకు వాడే ఎం-సీల్ ముద్ద చేసి, అరచేతి గుంట ఉన్న చోట, గాడుల్లో నింపి, పైన పల్చటి పాలిథిన్ కవర్ చుట్టి పట్టుకోమన్నాను. పిస్టల్ నుంచి పిడి విప్పే ముందు గాలి సిలిండర్ తీసేసి, లోపల పెల్లెట్ లేదని రెండుసార్లు చూసుకోవాలి, ఇది పిల్లలకు చెప్పక్కర్లేదు, వాళ్లకి మొదటి రోజే నూరిపోస్తారు, నాలాంటి అత్యుత్సాహం తండ్రులకు చెప్తున్నాను. గట్టిపడ్డాక ఆకురాయితో, ఆ తర్వాత గరుకు కాగితంతో కొద్దికొద్దిగా అరగదీస్తూ రోజుకో పది నిమిషాలు పట్టించి చూశాను. మొత్తం పదిహేను రోజులు పట్టింది. ఒక్క రోజులో చేస్తే చెడుతుంది, ఎందుకంటే అలసిన చెయ్యి వేరు, పొద్దుటి చెయ్యి వేరు. చూడటానికి సిమెంటు బొమ్మలా తయారైంది, తోటి పిల్లలు "మీ నాన్న బాత్రూం పైపు పట్టుకొచ్చావా" అన్నారట.

ఎక్కడ నింపాలో ఎలా తెలుస్తుంది అంటారా. ఖాళీ పిస్టల్‌తో టార్గెట్ వైపు నిలబడి, కళ్లు మూసుకుని చెయ్యెత్తి, ఒక ఊపిరి తీసి వదిలి కళ్లు తెరవాలి. ముందు సైట్ వెనక సైట్ గాడి మధ్యలో నిలిచి కనపడితే పిడి కుదిరినట్టు. ఇరవై సార్లు చేసి చూడండి. ఇరవై సార్లూ ఒకే పక్కకు పోతుంటే అది పిడి తప్పు. ఒక్కోసారి ఒక్కో పక్కకు పోతుంటే అది సాధన తక్కువ, నా లాంటి వడ్రంగి దాన్ని బాగుచెయ్యలేడు. ఈ తేడా తెలుసుకోకుండానే పిల్లల్ని తిడతారు.

పామ్ షెల్ఫ్ అని చెయ్యి కింద ఆనడానికి ఒక పలక ఉంటుంది, అది పైకీ కిందకీ జరుగుతుంది. చిన్న చేతుల పిల్లలు జారిపోతుందన్న భయంతో దాన్ని పైకి నొక్కేసి బిగిస్తారు. అరగంటకు చేతి అంచు తెల్లబడి, తిమ్మిరెక్కి, మళ్లీ వణుకు. తగలాలి, నొక్కకూడదు. పిస్టల్ బరువు ఎక్కువగా మోయాల్సింది ట్రిగ్గర్ గార్డ్, అంటే ట్రిగ్గర్ చుట్టూ ఉండే కమ్మీ, దాని కింద ఉండే మధ్యవేలు, అందుకే మధ్యవేలికీ ఆ గార్డ్ చెక్కకీ మధ్య సందు ఉండకూడదు. మధ్యవేలు, ఉంగరపు వేలు నేరుగా వెనక్కి పట్టు ఇస్తాయి, చిటికెన వేలు ఊరికే ఉంటుంది, బొటనవేలు ఇంకా ఊరికే. ఇది మాటల్లో చెప్పినంత తేలిక కాదు, మా అమ్మాయికి బొటనవేలు వదలడం నేర్చుకోవడానికే నెల పట్టింది.

సిమెంటు బొమ్మ కుదిరాక దాన్ని చూసి చెక్కతో చేశాను. మొదట టేకు ముక్కతో చేస్తే పైన సన్నగా వచ్చే చోట నార వెంట చీలింది. ఇరుగుడు చేవ అందంగా వచ్చింది కానీ బరువు. బయటి దేశాల పిడులు ఎక్కువగా వాల్‌నట్‌తో చేస్తారు, మనకెక్కడ దొరుకుతుంది అనుకుంటుంటే టింబర్ డిపో ముసలాయన "దిరిసెన చూడరా, దాన్ని ఇంగ్లీషు వాళ్లు ఈస్ట్ ఇండియన్ వాల్‌నట్ అనే అమ్మేవాళ్లు" అన్నాడు. నిజమే, బాగా కుదిరింది. దాని పొట్టుకి తుమ్ములు మాత్రం ఆగవు, ముక్కుకు గుడ్డ కట్టుకోండి. పైన వార్నిష్ వెయ్యలేదు, చెమట చేతికి నున్నగా ఉంటే జారుతుంది, గరుకుగా ఉండేలా సన్న గంట్లు పొడిచి వదిలేశాను. ఏటికొప్పాక బొమ్మల నునుపు మన కళ్లకి బాగుంటుంది గానీ ఇక్కడ పనికిరాదు.

పిడి మార్చాక మూడు నెలల్లో పిల్ల స్కోరు 600కి 530 దగ్గర నుంచి 548కి వచ్చింది. అంతా పిడి వల్లే అని నేను అనను, నమ్మకం వచ్చాక పిల్ల సాధన కూడా పెంచింది. కానీ "టెన్షన్ మనిషి" అన్న మాట ఇప్పుడు ఎవరూ అనడం లేదు.

ఇక దెబ్బ తగిలిన చేతుల సంగతి, ఇది నా సొంత బాధ. పదకొండేళ్ల క్రితం రంపం మిషన్ దగ్గర నా కుడిచేతి ఉంగరపు వేలు పై కణుపు పోయింది, పక్కనున్న మధ్యవేలు కుట్లు పడి పూర్తిగా మడవదు. పిల్లతో పాటు రేంజ్‌కి వెళ్లి సరదాగా కాల్చడం మొదలెట్టాను. మీడియం పిడి నాకు పొడవులో సరిపోయింది, పట్టు మాత్రం చిక్కలేదు. తెగిన వేలు గాడిలో వేలాడుతూ ఉంటుంది, దాని కొస గట్టు మీద తగిలితే కరెంటు కొట్టినట్టు మోచేతి దాకా లాగుతుంది. నేను చేసిందేంటంటే తెగిన వేలు గాడిని పూర్తిగా నింపేసి చదును చేశాను, ఆ కొస దేనికీ తగలకుండా చిన్న గుంట తీశాను, మడవని మధ్యవేలి కోసం అక్కడ పిడిని కొంచెం లావు చేశాను. మడవని వేలిని సన్న పిడి మీద బలవంతంగా మడవకూడదు, పిడే లావై వేలికి ఎదురు రావాలి. కీళ్లవాతం ఉన్న పెద్దవాళ్లకూ అంతే, సన్న పిడికి ఎక్కువ బలం కావాలి. మా అమ్మకి కూరలు కోసే కత్తి పిడికి పాత సైకిల్ ట్యూబు చుట్టి ఇస్తే గానీ ఆవిడ బెండకాయ తరగలేకపోయింది, ఇదీ అదే సంగతి. కాకపోతే చిన్న చెయ్యీ, కీళ్ల నొప్పీ రెండూ ఉన్నవాళ్లకు ఇది చిక్కు, లావు చేస్తే ట్రిగ్గర్ అందదు. అప్పుడు వేళ్ల వైపు లావు చేసి, బొటనవేలి సందు వైపు తగ్గించాలి. తేలిక పని కాదు, చూసి చెయ్యాలి.

మణికట్టు దెబ్బ తిన్నవాళ్లు క్రేప్ బ్యాండేజీ చుట్టుకుని ప్రాక్టీస్ చేస్తుంటారు, మ్యాచ్‌లో కుదరదని తర్వాత తెలుస్తుంది. పిస్టల్ పట్టిన చేతికి రిస్ట్‌బ్యాండ్, వాచీ కూడా ఉండకూడదని అంతర్జాతీయ నిబంధన, మణికట్టు స్వేచ్ఛగా కదలాలి, పిడి చేతిని దాటి పైకి వెళ్లి ఆసరా ఇవ్వకూడదు. పామ్ షెల్ఫ్ కూడా చేతి చుట్టూ పైకి వంగకూడదు. పిస్టల్ మొత్తం పొడవు, వెడల్పు, లోతు 420, 200, 50 మిల్లీమీటర్లుండే పెట్టెలో పట్టాలి, బరువు కిలోన్నర దాటకూడదు. ట్రిగ్గర్ కనీసం 500 గ్రాముల లాగుడు ఉండాలి, చెయ్యి దెబ్బతిన్నా అది తగ్గదు. కాబట్టి పిడి చెక్కే ముందు ఆ కొలతలు ఎదురుగా పెట్టుకోండి, లేకపోతే నేను మొదటిసారి చేసినట్టు బ్రహ్మాండంగా చెక్కి పెట్టెలో పట్టక మళ్లీ కొయ్యాల్సి వస్తుంది. మణికట్టు బలహీనంగా ఉంటే పొట్టి మోడల్, బరువు ముందుకు కాక చేతి దగ్గరే ఉండేది వెతుక్కోవడం మేలు.

"చెయ్యి పోయింది, ఇంకేం ఆట" అనేవాళ్లకు ఒక మనిషి గురించి చెప్తాను. హంగరీ సైన్యంలో కారోలీ టకాచ్ అనే షూటర్, 1938లో చేతిలో గ్రెనేడ్ పేలి కుడిచెయ్యి ఛిద్రమైంది. ఎవరికీ చెప్పకుండా ఎడమ చేత్తో సాధన చేసి 1948 లండన్ ఒలింపిక్స్‌లో ర్యాపిడ్ ఫైర్ పిస్టల్లో బంగారం, 1952 హెల్సింకిలో మళ్లీ బంగారం. మన దేశంలో మనీశ్ నర్వాల్‌కి పుట్టుకతోనే కుడిచెయ్యి సరిగా పనిచెయ్యదు, ఎడమ చేత్తో కాల్చి టోక్యో పారాలింపిక్స్ 50 మీటర్ల పిస్టల్లో బంగారం, పారిస్‌లో 10 మీటర్లలో రజతం తెచ్చాడు. ఇప్పుడు నా ప్రశ్న. అలాంటి పిల్లాడే రేపు మన జిల్లాలో ఒక అకాడమీ గుమ్మం ఎక్కితే, అక్కడ ఎడమచేతి పిడి ఒక్కటైనా ఉందా? మా దగ్గర లేదు. కుడిచేతి పిడిని ఎడమ చేత్తో పట్టుకోవడం అంటే కుడికాలి చెప్పు ఎడమకాలికి వేసుకోవడమే, అరచేతి గుంటలో కూర్చోవాల్సిన పిడి ఉబ్బు అవతలి పక్కన ఉంటుంది.

నేనడిగేది పెద్ద ఖర్చు కాదు. రెండు రాష్ట్రాల క్రీడా సంస్థలు ప్రతి రేంజ్‌కి కొత్త పిస్టల్ కొనే డబ్బులో కొంత తీసి రెండు చిన్న సైజు పిడులు, ఒక ఎడమచేతి పిడి, ఒక అలెన్ కీల సెట్టు, ఒక వైస్ బిగించిన బల్ల ఇవ్వండి. చేరే రోజు పిల్ల ఎత్తు, బరువు రాసుకుంటారు కదా, పక్కనే ఆ మూడు కొలతలూ రాసుకోమనండి. ఆరు నెలలకోసారి మళ్లీ తియ్యాలి, పెరిగే పిల్లలు. స్కోరు ఆగిపోతే రబ్బరు బంతి ఇచ్చే ముందు ఆ కాగితం తీసి చూడండి. పక్క ఊళ్లో వడ్రంగి ఎవడో ఒకడుంటాడు, పిలిస్తే వస్తాడు, మాకిప్పుడు పని అంతంతమాత్రమే, అందరూ యూపీవీసీ తలుపులే పెట్టించుకుంటున్నారు.

మా తెనాలిలో ఇనుప తుక్కుతో నిలువెత్తు విగ్రహాలు చేసే కళాకారులున్నారు, ఒక పిడి చెయ్యడం మా ఊరికి లెక్క కాదు. ఆదివారాలు నా కొట్టు మూసే ఉంటుంది కానీ నేను లోపలే ఉంటాను. అకాడమీ పిల్లల్ని ఎవరైనా తీసుకొస్తే పిడి చూసి పెడతాను, డబ్బులొద్దు. నా చిరునామా, ఫోన్ నంబరు మీ కార్యాలయానికి ఇచ్చాను, అడిగిన కోచ్‌లకు ఇవ్వండి. ఎం-సీల్ మాత్రం వాళ్లే తెచ్చుకోవాలి, చపాతీ పిండి కూడా, మా ఆవిడ ఇంక ఇవ్వనంది.

— ఒక వడ్రంగి, తెనాలి